సుమిత్రమ్మ కలిపిన బియ్యం

ఎవరింటికి పోయినా సుమిత్రమ్మకు ముందు గదిలో కూర్చునే అలవాటు లేదు. చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా వంటింట్లోకి నడిచేది. పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసేది. ఉప్పు తక్కువైతే మొహమాటం లేకుండా చెప్పేది, ఎక్కువైతే ఒక ఆలుగడ్డ కోసి వేసేది. ఆ తరువాత ఆమె కళ్లు బియ్యం డబ్బా పక్కన వెతికేవి. అక్కడ ఒక చిన్న గిన్నెనో, పాత సీసానో, మూత పోయిన స్టీలు డబ్బానో ఉండాలి. ఉంటే ముఖం విప్పారేది. లేకుంటే అటక మీది నుంచో, అరుగు కింది నుంచో ఆమే దాన్ని వెతికి తీసి, కడిగి తుడిచి, బియ్యం పక్కన పెట్టేది.

"కంటికి కానరానిది చేతికి యాదికి రాదే బిడ్డా. గీడ పెట్టు. ఎసరు పెట్టంగనే తియ్యబుద్ధయితది" అనేది.

అది పిడికెడు బియ్యం గిన్నె. సిద్దిపేటలోని ఆ చిన్న చర్చికి వచ్చే ఆడవాళ్లు తమ అమ్మమ్మల కాలం నుంచి పాటిస్తున్న పద్ధతి అది. వండే ముందు, ఇంటికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేరున పక్కన వేస్తారు. ఆదివారం ఆ గిన్నె తెచ్చి చర్చి వాకిట్లో ఉన్న సంచిలో కుమ్మరిస్తారు. కొలవకముందు తీయకూడదని సుమిత్రమ్మ పట్టుదల. డబ్బాలోంచి విడిగా తీసిన బియ్యం మిగులులోంచి ఇచ్చినట్టు. కొలిచిన దాంట్లోంచి తీస్తే ఇంటిల్లిపాదీ తలా ఒక మెతుకు తక్కువ తిని ఇచ్చినట్టు. ఈ రెండింటికీ ఉన్న తేడాను ఆమె ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు, పొయ్యి దగ్గర నేర్చుకుంది.

ఆమెది నంగునూరు. మేస్త్రీ ఎల్లన్నను చేసుకుని సిద్దిపేట వచ్చింది. ఆయన ఊరివాళ్ల ఇళ్లకు గోడలు లేపాడు, ఆమె సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండింది. ఎండాకాలం సెలవుల్లో పెళ్లిళ్ల వంటలకు పోయేది. అంత పెద్ద వంట గంజుల్లో కూడా ఆమె వండిన అన్నం మెతుకుకు మెతుకు అంటుకోకుండా ఉండేదని చెప్పుకునేవారు. అలా చెప్పుకోవడం ఆమెకూ ఇష్టమే. వినపడనట్టు నటించేది గానీ, ఆ పూట వడ్డించే చెయ్యి కొంచెం పెద్దదయ్యేది.

ఎల్లన్న ఒక చలికాలం ఉన్నట్టుండి పోయాడు. ఆ వారం ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇరుగుపొరుగువాళ్లు, సంఘంవాళ్లు వండి తెచ్చారు. ఆదివారం చర్చి వాకిట్లోకి వచ్చాక గానీ తన చేతిలో గిన్నె లేదని సుమిత్రమ్మకు తెలియలేదు. వండని ఇంట్లో పిడికెడెక్కడిది? గడప దగ్గర ఆగిపోయింది. వెనక వస్తున్న ఆడమనిషి ఎవరో ఆమె చెయ్యి పట్టి తన గిన్నెలో ముంచింది, ఆ పిడికిలిని సంచి మీదికి తీసుకుపోయి వదిలింది. ఎవరో తలెత్తి చూసే ఓపిక కూడా సుమిత్రమ్మకు లేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించింది. అన్నీ పోయాయనుకున్న మనిషి చేతికి, ఇవ్వడానికి ఏదో ఒకటి అందితే ఆ మనిషి మళ్లీ నలుగురిలోకి వస్తుంది. ఓదార్పు మాటలన్నీ కలిసి చేయలేని పని అది. సొంతవాళ్లను పోగొట్టుకున్న ఎవరికైనా ఇది తెలుసు.

సంచి దగ్గర కూర్చునే ముసలామె కాలం చేశాక ఆ పని సుమిత్రమ్మ తీసుకుంది. ఒకరు బియ్యం పోయగానే మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి కిందామీదా కలిపేది. అప్పుడు గానీ రెండోవాళ్లను పోయనిచ్చేది కాదు. అవి కంట్రోలు దుకాణంలో రేషన్ కింద ఇంకా దొడ్డు బియ్యం ఇస్తున్న రోజులు. ఉద్యోగాలున్న ఇళ్లవాళ్లు సన్న బియ్యం తెచ్చేవారు, కూలి చేసుకునేవాళ్లు దొడ్డు బియ్యం తెచ్చేవారు. దొడ్డు బియ్యం గిన్నె మీద కొంగు కప్పి ఉండేది. ఆ కొంగును సుమిత్రమ్మ ఒకసారి చూసింది. మరుసటి ఆదివారం నుంచి కలపడం మొదలుపెట్టింది.

"సంచిల పడ్డంక నీయి లేవు నాయి లేవు. అన్నీ ఆయనయే" అనేది.

కొన్నాళ్లకు కొంగులు తొలిగాయి.

సంచిలోంచి పాస్టరుగారి ఇంటికి కావలసినంత పోయేది. మిగిలింది కిరాణా కొట్టు ఓంప్రకాశ్ కొనేవాడు. ఏళ్ల తరబడి అలా నడిచింది. ఆ తరువాత వానాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, కమిటీ కార్యదర్శి కర్ణాకర్ ప్రకటనలు చదవడానికి లేచాడు. కర్ణాకర్ చెడ్డవాడు కాదు. ఏ పనైనా వరసగా, సాఫీగా జరగాలనుకునే మనిషి.

"మన ఆడోళ్లు ఇంత భక్తితోని ఇస్తున్న పిడికెడు బియ్యం యాడికి పోతున్నయో ఎవలకన్న ఎరుకేనా?" అని అడిగాడు. "నిన్న ఓంప్రకాశ్ సేటు చెప్పిండు. మనుషులు కొంటలేరట. కోళ్ల ఫారపోళ్లు పట్కపోతున్నరట."

మగవాళ్ల వైపు నుంచి నవ్వులు లేచాయి. "మన దిక్కు కోళ్లు గందుకే గంత ఆశీర్వాదంగున్నయి" అన్నాడు చిరంజీవి. ఏ సభలోనైనా ఒక మాట విసరకుండా ఉండలేని మనిషి ఆయన.

"నవ్వుడు కాదన్నా" అన్నాడు కర్ణాకర్. "సన్నయి, దొడ్డువి కలిసిపోతున్నయి. సన్నం ఉడికేసరికి దొడ్డు పలుకుంటది, దొడ్డు ఉడికేసరికి సన్నం గంజయితది. గా బువ్వ ఎవలు తింటరు? అందుకే కమిటీ అనుకున్నది, కొత్త సంవత్సరం సంది పిడికెడు బియ్యం బంద్. గుమ్మం కాడ స్కానర్ పెట్టిస్తం. ఎవలకు తోచింది వాళ్లు ఫోన్ల కొట్టుర్రి."

సుమిత్రమ్మ లేచి నిలబడింది. ఆమె సభలో మాట్లాడడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"కర్ణాకర్, స్కానర్‌కు ఫోన్ గావాలె. ఫోన్ల పైసలుండాలె. గా పైసలు ఎవలియి బిడ్డా?"

"ఇంట్లోళ్లయే గద పెద్దమ్మా."

"ఇంట్లోళ్లయి అంటే మొగోళ్లయి." ఆమె ఆడవాళ్ల వైపు తిరిగింది. "మిమ్ముల అడుగుతున్న. మీ మొగుణ్ని అడుగకుంట, అత్తను అడుగకుంట, కొడుకు ముంగట చెయ్యి చాపకుంట, మీ చేతితోని మీరు దేవునికి ఇచ్చేది ఇంట్ల ఇంకేమన్న ఉన్నదా?"

ఒక వయసుమళ్లినామె "గదొక్కటే" అంది, తనకు తాను చెప్పుకున్నట్టు.

పాస్టరు కృపాకర్ ఆ ఏడే బదిలీ మీద వచ్చాడు. వయసులో చిన్నవాడు, ఎవరి మాటనూ తుంచడం తెలియనివాడు. "కోత పండుగ దాకా ఆగుదాం" అన్నాడు. "అప్పటివరకు సుమిత్రమ్మగారు ఏదన్న తొవ్వ చూపిస్తే పిడికెడు బియ్యం నడుస్తది. లేకుంటే కమిటీ మాట ప్రకారమే పోదాం."

కోత పండుగ వరి కోతలయ్యాక వస్తుంది. అప్పటిదాకా మిగిలినవి కొన్ని వారాలు. సుమిత్రమ్మ తలూపి కూర్చుంది. దారి దొరుకుతుందా అన్న అనుమానం ఆమెకు రాలేదు. ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న.

మరునాడు బడిలో వంట ముగించుకుని పాస్టరుగారి ఇంటికి పోయింది. ఎప్పటిలాగే వంటింట్లోకి నడిచింది. పాస్టరుగారి భార్య వనజ నేల మీద కూర్చుని, ముందర చాట, జల్లెడ పెట్టుకుని బియ్యం ఏరుతోంది. సుమిత్రమ్మను చూసి గబుక్కున చాట వెనక్కి జరిపింది.

"రాళ్లున్నయా అమ్మగారూ?"

"లేవు పెద్దమ్మా, ఊకెనే."

సుమిత్రమ్మ వంగి చూసింది. చాటలో రెండు కుప్పలున్నాయి. ఒకటి సన్నవి, ఒకటి దొడ్డువి. వనజ గింజ గింజా వేరు చేస్తోంది.

"రోజూ గిదేనా పని?"

వనజ చాటను మళ్లీ ముందుకు లాక్కుంది. "ఆయన ఎట్లున్నా తింటడు. నోరు తెరిచి అనడు. పిల్లలే, అమ్మా బువ్వల రాళ్లున్నయి అని పక్కకు తీస్తున్నరు. రాళ్లు గావు, ఉడకని గింజలు. ఇచ్చినోళ్లు మనసుతోని ఇచ్చిన్రు, బాగలేవని అంటే పాపం గద పెద్దమ్మా. ఎవలకు చెప్పకు."

సుమిత్రమ్మకు ముఖం వేడెక్కింది. బడిలో పిల్లల కంచాల్లో ఇలాంటి అన్నం పెట్టి ఉంటే ఆ పూటే గరిటె కింద పెట్టి ఇంటికి పోయేది. అటువంటిది దేవుని సేవకుని పిల్లల కంచంలో ఆ అన్నం పెట్టింది తన చెయ్యే. ఒకరు సిగ్గుపడకూడదని కలిపిన బియ్యం ఇంకొకరికి మింగుడుపడలేదు. కలపడం తప్పా అంటే తప్పని ఆమె మనసు ఒప్పుకోలేదు. కలిపి వదిలేయడం తప్పని మాత్రం అర్థమైంది.

"అమ్మగారూ, గా చాట పక్కకు పెట్టుర్రి. నేనున్న గద" అంది.

ఆ వారం స్త్రీల మైత్రి కూటంలో ఈ ముచ్చటే వచ్చింది. కర్ణాకర్ భార్య నవత చదువుకున్న పిల్ల, చురుకైనది. మొగుడు తెచ్చిన చిక్కును తానే విప్పాలని ఆమెకు ఆరాటంగా ఉంది.

"రెండు డ్రమ్ములు పెడుదాం పెద్దమ్మా. ఒకటి సన్నయి, ఒకటి దొడ్డువి. లొల్లే ఉండదు."

యాదలక్ష్మి మున్సిపాలిటీలో రోడ్లూడ్చే పని చేస్తుంది. ఆమె కొంగు సర్దుకుంది. "అట్లయితే నేను జల్దిగ వచ్చి ఎవలు సూడకముందే పోస్త తియ్యి" అని నవ్వింది. ఆ నవ్వులో ఉన్నది అందరికీ అర్థమైంది. నవత నాలుక కరుచుకుంది.

"మరి అందరం సన్నయే తెద్దాం" అంది ఇంకొకామె.

"యాదలక్ష్మి తినేది దొడ్డు బియ్యం. దేవునికి కొనుక్కొచ్చి పెట్టాల్నా?" అంది సుమిత్రమ్మ. "నీ గంజుల ఉడికేది ఇయ్యాలె. నువ్వు తినంది ఆయనకెందుకు?"

"మరి ఎట్లనే వదినె? డ్రమ్ములొద్దంటవ్, సన్నయొద్దంటవ్. కోళ్లనే అడిగొద్దామా?" అని ఒకావిడ అనేసరికి అందరూ పకపకా నవ్వారు. సుమిత్రమ్మ కూడా నవ్వింది. కానీ సంచిని మాత్రం ఆ రోజు ఇంటికి మోసుకుపోయింది.

ఇంట్లో ఆమె తన విద్యంతా చూపింది. బియ్యం ముందు రోజే నానబెట్టి వండింది. అరగంట నానబెట్టి వండింది. ఎసరు తగ్గించి, పెంచి, మూత మీద నిప్పులు పోసి చూసింది. అన్నం ప్రతిసారీ రెండు రకాలుగానే వచ్చింది. పులిహోర కలిపితే ముద్దయింది, జావ కాస్తే పలుకు తగిలింది. ఎంతోమంది పెళ్లివాళ్లను మెప్పించిన చెయ్యి, ఒక శేరు బియ్యం దగ్గర ఓడిపోయింది. పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగి చూసి "ఏందక్కా, దినం గంజి వాసన. పాణం బాగలేదా?" అని అడిగింది.

"నా పాణం మంచిగనే ఉన్నది. గీ బియ్యం పాణమే బాగలేదు" అంది సుమిత్రమ్మ.

అన్నం కాదంటే పిండి మిగిలింది. ఆ మాట అంతదాకా తోచలేదని ఆమెకే ఆశ్చర్యమైంది. వండేవాళ్లకు బియ్యం చూస్తే అన్నమే గుర్తొస్తుంది. రెండు శేర్లు సంచిలోకెత్తుకుని యాదగిరి పిండి గిర్నికి పోయింది. పిండి ధూళితో కనుబొమలు కూడా తెల్లబడ్డ యాదగిరి గిర్ని చప్పుడును మించి అరిచాడు.

"ఏంది పెద్దమ్మా, బియ్యమా జొన్నలా?"

"బియ్యమే. సన్నయి, దొడ్డువి కలిసి ఉన్నయి. నడుస్తదా?"

"గిర్నికి గదేం ఎరుక? బియ్యమంటే బియ్యమే. గిర్నిల పొయ్యి!"

వెచ్చని పిండి డబ్బాలోకి జారింది. సుమిత్రమ్మ చిటికెడు తీసి వేళ్ల మధ్య రాసి చూసింది. ఉద్యోగస్తుల ఇంటి గింజ ఏదో, యాదలక్ష్మి ఇంటి గింజ ఏదో పట్టిన గిర్నివాడు కూడా చెప్పలేడు. ఆమె ఇన్నేళ్లూ మోచేతి దాకా చెయ్యి పెట్టి చేసిన పని ఇప్పుడు పూర్తయింది.

ఆ సాయంత్రం సర్వపిండి చేసింది. పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం వేసి పిసికి, నూనె రాసిన గిన్నె లోపల పల్చగా ఒత్తి, వేలితో గుంటలు పెట్టి, గుంటల్లో నూనె చుక్కలు వేసి, సన్న సెగ మీద మూత పెట్టింది. అడుగు ఎర్రగా కాలి గిన్నెను వదిలాక, పేపరులో చుట్టుకుని పాస్టరుగారి ఇంటికి పోయింది. పిల్లలు కరకరా నమిలారు. ఒక్క ముక్క కూడా పక్కకు తీయలేదు. వనజ వేళ్లకంటిన కారం నాకింది.

పండుగ నాడు సంచి బియ్యంతో సర్వపిండి చేసి అమ్మాలని, అప్పటి నుంచి కోత పండుగ దాకా సుమిత్రమ్మ తిరగని ఇల్లు లేదు. ఎవరినీ ఎంత ఇస్తావని అడగలేదు. "ఇయ్యాల ఏం వండినవ్?" అనే అడిగింది. బియ్యం గిన్నె చూసుకుని, అందులోకి తోడుగా ఒక ఇంట్లో నువ్వులు, ఒక ఇంట్లో పల్లీలు, ఒక ఇంట్లో కారం అడిగింది.

కొత్తగా కాపురం పెట్టిన ఒక పిల్ల డబ్బా అడుగు చూపించి "మాకే సరిపోతలేవు పెద్దమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అయితే ఒక చిటికెడు తియ్యి. అదీ లేనినాడు ఖాళీ చెయ్యే గిన్నెల పెట్టి తియ్యి. చెయ్యి అలవాటు మరువద్దు. గింజలు ఇయ్యాల లేకుంటే రేపొస్తయి, అలవాటు పోతే మళ్ల రాదు" అని, తన సంచిలోంచి సోలెడు బియ్యం ఆ డబ్బాలో పోసి వచ్చింది.

ములుగు దిక్కు పొలాలున్న ఒక పెద్ద ఇంటావిడ "రోజూ పిడికెడు తీసుడు నాతోని గాదు. ఒక బస్తా పంపిస్త, ఏడాదంత సరిపాయె" అంది.

"బస్తా పంపు, మంచిదే. పిడికెడు సుత తియ్యి."

"బస్తా ఇచ్చినంక పిడికెడెందుకే?"

"బస్తా ఇచ్చినప్పుడు ఆయన నీకు ఏడాదికొక్కనాడు యాదికొస్తడు. పిడికెడు తీస్తే రెండు పూటల యాదికొస్తడు. ఆయనకు బియ్యం కరువా? నువ్వు మరుస్తవనే గద గీ తిప్పలు."

ఆవిడ నవ్వి, అటక మీది గిన్నె దింపించింది. సుమిత్రమ్మ ఈ లోకం నుంచి పోయాక కూడా ఆ ఇళ్లలో ఆ గిన్నెలు ఆమె పెట్టిన జాగాలోనే ఉన్నాయి. ఆమె అడిగిన తీరే అటువంటిది. లేదనేవాళ్లకు చిన్నతనం కలగదు, ఉందనేవాళ్లకు గర్వం రాదు. ఇవ్వడమంటే దేవుడికేదో సాయం చేయడమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చెయ్యి మూసుకుపోకుండా రోజూ తెరిచే పని అది.

కోత పండుగ రోజు పొద్దున్నే చర్చి ఆవరణలో షామియానా లేచింది. కోహెడ వైపు పొలాలున్న కుటుంబాలు వరి గొలుసులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చాయి. ఆరాధన తరువాత వాటిని హర్రాజ్ పెట్టి, అంటే వేలం వేసి, వచ్చింది సంఘానికి జమ చేయడం రివాజు. షామియానా పక్క గుడ్డకు అవతల ఆడవాళ్లు వరసగా పొయ్యిలు పెట్టి సర్వపిండి ఒత్తుతున్నారు. ప్రసంగం సగానికి వచ్చేసరికి కాలే నువ్వుల వాసన గుడ్డ దాటి వచ్చింది. పాస్టరుగారు తెలివైనవాడు, ప్రసంగం తొందరగా ముగించాడు.

హర్రాజ్ నడిపేది చిరంజీవి. భార్య పోయి ఏడాది కాలేదు. ఆ ఏడు ఆయన నడపడేమో అనుకున్నారు గానీ బల్ల ఎక్కి నిలబడ్డాడు. కోళ్లూ గుమ్మడికాయలూ అయ్యాక, సుమిత్రమ్మ విస్తరాకులో మొదటి సర్వపిండి తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"సూడుర్రి! కోళ్లు తినేటి బియ్యమన్నరు. ఇయ్యాల కోళ్లను హర్రాజ్ చేసినం, బియ్యాన్ని గద్దెనెక్కించినం. పాట ఎవలది?"

"వంద!" అన్నాడు ముందు వరసలో ఉన్న కర్ణాకర్. ఆ వాసనకు ఆయన మనసు ముందే మెత్తబడింది. బంద్ చేద్దామన్నవాడే మొదట పాడితే మర్యాదగా ఉంటుందని కూడా అనుకున్నాడు.

పక్క గుడ్డ మీదుగా ఒక చెయ్యి పైకి లేచింది. మోచేతి దాకా తెల్లని పిండి.

"పిండిచెయ్యి రెండు వందలు!" అని చిరంజీవి కేకేశాడు.

కర్ణాకర్ మెడ చాపి చూశాడు. చెయ్యి తప్ప ఏమీ కనపడలేదు. "మూడు!"

పిండిచెయ్యి మళ్లీ లేచింది.

"ఎవలదన్నా గా చెయ్యి?"

"హర్రాజ్‌ల చెయ్యికి పేరుండదు, పాటనే ఉంటది. నాలుగు వందలు! కర్ణాకర్ తమ్ముడు కూసుంటడా, లేస్తడా?"

మగవాళ్లు ఈలలు వేశారు. "లే కర్ణాకర్! ఆడోళ్ల ముంగట ఓడుతవా?" కర్ణాకర్ లేచి నిలబడే పాడాడు. చెయ్యి వెనక్కి తగ్గలేదు. పాట ఆ ఏడు ఏ కోడికీ పలకనంతగా పెరిగింది. చివరకు కర్ణాకర్ చెమట తుడుచుకుని "గా గుడ్డ తియ్యిర్రి, నా ముంగటి మనిషిని నేను సూడాలె" అన్నాడు.

సుమిత్రమ్మ గుడ్డ పక్కకు లాగింది. పొయ్యి ముందర, పిండి చేతితో, నవత నిలబడి ఉంది.

షామియానా కూలిపోతుందేమో అన్నంతగా నవ్వులు లేచాయి. కర్ణాకర్ నోరు తెరిచాడు.

"నువ్వానే? ఇద్దరం ఒకే ఫోన్‌ల పైసలకు పాడుకుంటున్నం గదనే!"

"ఎరికే" అంది నవత. "పెండ్లయిన కాడికెంచి చర్చిల కర్ణాకర్ కుటుంబం అని రాస్తున్నరు. నవత ఇచ్చింది అని ఎన్నడు రాయలేదు. ఒక్కసారి నేనియ్యాలె అనిపించింది."

నవ్వులు మెల్లగా ఆగాయి. కర్ణాకర్ చిరంజీవి వైపు తిరిగాడు.

"పాట పిండిచెయ్యిదే అన్నా. పైసలు నేను కడ్త."

"నువ్వు కట్టుడేంది?" అంది సుమిత్రమ్మ. "కట్టేది ఆమె. ఇంటి పైసలల్ల ఆమె పాలు లేదా? ఆమె చేతికియ్యి. ఆమె ఇస్తది."

కర్ణాకర్ జేబులోంచి నోట్లు తీశాడు, చాలకపోతే పక్కవాడి దగ్గర చేబదులు తీసుకున్నాడు. పిండి చేతిలో పెట్టాడు. నవత చెయ్యి కడుక్కోలేదు. అలాగే నడిచి వచ్చి కానుక పళ్లెంలో పెట్టింది. నోట్ల మీద ఆమె వేళ్ల గుర్తులు తెల్లగా పడ్డాయి.

ఆ తరువాత హర్రాజ్ అక్కరలేకపోయింది. పొయ్యిల ముందర జనం వరసకట్టారు. ఓంప్రకాశ్ కూడా దుకాణం పిల్లలకు అప్పజెప్పి వచ్చి, రెండు తిని, నాలుగు కట్టించుకుని పోయాడు. "నా కొట్టుకు సుత పంపుర్రి, సాయంత్రం దాకా ఒక్కటన్న మిగిలితే నన్నడుగుర్రి" అని చెప్పాడు.

తరువాతి కమిటీకి సుమిత్రమ్మను కూడా పిలిచారు. కర్ణాకరే తీర్మానం చదివాడు. పిడికెడు బియ్యం నడుస్తుంది. నెలకోసారి పిండి పట్టించి, ఆడవాళ్లు సర్వపిండి చేసి అమ్ముతారు. వచ్చిన దాంట్లోంచి ముందుగా పాస్టరుగారి ఇంటికి మంచి సన్న బియ్యం కొంటారు, మిగిలింది సంఘం ఖర్చులకు. ఆడవాళ్ల పేర్లు వాళ్ల పేర్లుగానే రాస్తారు. చదివాక, కొంచెం నసిగాడు.

"మరి స్కానర్ సంగతి ఏం జేద్దాం పెద్దమ్మా?"

"నేను స్కానర్ వద్దన్ననా ఎన్నడన్న?" అంది సుమిత్రమ్మ. "పెట్టు. నెల జీతమొచ్చేటోళ్లు బియ్యం పిడికెడు ఇచ్చి తప్పించుకుంటమంటే నడువది. ఫోనున్నోళ్లు దానికి కొట్టాలె. పొయ్యున్నోళ్లు సంచిల పొయ్యాలె. రెండూ ఉన్నోళ్లు రెండూ చెయ్యాలె."

కృపాకర్ పాస్టరుగారు పెద్దగా నవ్వేశాడు.

ఆ ఆదివారం సంచి ముందు వరుస పొడుగ్గా ఉంది. ఆడవాళ్ల మధ్యలో చిరంజీవి నిలబడి ఉన్నాడు, చేతిలో చిన్న గిన్నెతో. ఎప్పుడూ నోరు మూయని మనిషి ఆ రోజు గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, మొగోళ్లు పొయ్యొచ్చా?"

"నువ్వు వండుకుంటున్నవా?"

"ఆమె పోయిన కాడికెంచి నేనే వండుకుంటున్న. సగం మాడుతది."

"మాడుడు తర్వాత ముచ్చట. కొలిచిన దాంట్లకెంచి తీసినవా?"

"తీసిన. ఆమె తీసేటప్పుడు సూస్తుంటి గద."

"మరింకేంది. సంచిల పొయ్యి."

ఆయన పోశాడు. గిన్నె ఖాళీ అయ్యాక కూడా అక్కడే నిలబడ్డాడు. వెనక నుంచి యాదలక్ష్మి గొంతు వినిపించింది. "జరుగన్నా, గిది హర్రాజ్ గాదు. మా చేతులు గుంజుతున్నయి!" చిరంజీవి ఉలిక్కిపడి, వెంటనే కోలుకుని "వస్తున్న తల్లీ వస్తున్న, నీ గిన్నె బరువు సూస్తే గిర్ని కొనేటట్టున్నవ్" అన్నాడు. చాలా రోజులకు ఆయన నవ్వు మునుపటిలా వినిపించింది.

ఆరాధనయ్యాక సంచి మూతి కట్టబోతే ముడి అందలేదు, అంత నిండింది. గిర్నికి మోసుకుపోవడానికి కర్ణాకర్ స్కూటర్ వాకిట్లోకి తెచ్చాడు. నవత, యాదలక్ష్మి చెరో వైపు పట్టి ఎత్తారు.

"ముంగట పెట్టుకో బిడ్డా, ఎన్కకైతే జారుతది" అంది సుమిత్రమ్మ. "నిమ్మలంగ పో."

కర్ణాకర్ సంచిని కాళ్ల మధ్య సర్దుకుని, చొక్కాకంటిన బియ్యం పొడి దులుపుకోకుండానే స్కూటర్ తీశాడు.